గోల్ సడక్ మీద జిలేబీ

ఆ పొద్దున దల్మా కొండ మీద మబ్బు దిగి కూర్చుంది. రాత్రి వచ్చిన గాలివాన తాలూకు మబ్బు అది. వెళ్ళిపోవాలో ఉండిపోవాలో తేల్చుకోలేక కొండ నడుం పట్టుకుని వేలాడుతోంది. కార్ఖానా వైపు ఆకాశం మాత్రం తోమిన కంచంలా ఉంది. నేను మా గుర్రం జిలేబీని తొట్టి పక్కన కట్టేసి కత్తితో డెక్కల్లో మట్టి గీరుతున్నాను. లగన్ మొదలయ్యే వారం. లగన్ అంటే ఇక్కడివాళ్ళ పెళ్ళి ముహూర్తాల కాలం. పెళ్ళికొడుకుల్ని ఊరేగించే మా గుర్రానికి ఆ కాలమే పని, మాకు తిండి.

సీతారామరావుగారు అప్పుడే గేటు తోసుకుని వచ్చారు. ఆయన మా కాలనీ సొసైటీకి సెక్రటరీ. టాటానగర్ స్టేషన్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎక్కడ నిలబడినా, రావలసిన బండి కోసం ప్లాట్‌ఫారం మీద చూస్తున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు.

"సూర్యం, ఒక మాట చెప్పాలి. నొచ్చుకోకు."

నేను కత్తి కింద పెట్టాను.

"వానలు గట్టిపడేలోపు గుర్రాన్ని కాలనీ బయట ఎక్కడైనా పెట్టుకో. మీ ఇల్లు మీ ఇల్లే, దాని జోలికి ఎవరూ రారు. గుర్రం సంగతే. కొత్తగా ఫ్లాట్లు కొన్నవాళ్ళు వాసనంటున్నారు, ఈగలంటున్నారు. జనరల్ బాడీలో పెడుతున్నాం. చేతులెత్తితే ఇక నా చేతుల్లో ఉండదు."

అరుగు మీద నులకమంచంలో మా మావ నీలకంఠం కదిలాడు. చెవులు సరిగా వినపడవు గాని తనకి కావలసిన మాట మాత్రం ఎంత దూరంలో ఉన్నా వినపడుతుంది.

"ఏటంతన్నారు అల్లుడా?"

"గుర్రం ఒద్దంతన్నారు."

మావ నవ్వాడు. పళ్ళు లేని నవ్వు, దానికి అడ్డేమీ ఉండదు. "గుర్రపుసాలలో ఇల్లు కట్టుకుని గుర్రం ఒద్దంతే ఎలాగ బాబూ? రేపు సువర్ణరేకలో దిగి నీలొద్దంతారేటి?"

సీతారామరావుగారికి నవ్వు వచ్చింది. మీసం కింద దాచుకున్నారు. "రూలు రూలే కదా నీలకంఠం," అని చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయారు.

మావ అన్నదాంట్లో అబద్ధం లేదు. మా కాలనీ పేరు కాయితాల్లో మెహర్ నగర్. బారిడీహ్‌లో ఆటో ఎక్కి ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఘోడాబగాన్ అనాలి. ఒకప్పుడు ఇదంతా కావస్ సేఠ్ అనే పార్సీ ఆయన గుర్రాల తోట. ఆయన ఇక్కడ గుర్రాలు పెంచి కలకత్తా పందేలకి పంపేవాడట. సోంపేట దగ్గర మా ఊళ్ళనుంచి వచ్చిన కుర్రవాళ్ళు వాటికి గడ్డి వేసి, మాలిష్ చేసి, నడిపేవాళ్ళు. మావ మీసం రాకముందే వచ్చాడు. సేఠ్ పోయాక గుర్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. నేల మాత్రం సొసైటీకి వచ్చింది. స్టీలు కంపెనీలోవాళ్ళూ రైల్వేవాళ్ళూ కలిసి ఇళ్ళు కట్టుకుందామనుకున్నారు.

ప్లాను గీసిన ఇంజనీరు పొదుపరి అయి ఉండాలి. ఉన్నదాన్ని చెరపలేదు. గుర్రాలు పరుగెత్తిన గుండ్రటి దారి అలాగే ఉంచి దాన్ని కాలనీ చుట్టూ పెద్ద రోడ్డు చేశాడు. అదే గోల్ సడక్. గుర్రాలు మేసే ముక్కలన్నీ బ్లాకులయ్యాయి. ఇదేం ముక్క, అదేం ముక్క అని అడిగితే, ఆ ముక్కలో ఏ గుర్రం మేసేదో మావ దాని పేరు చెప్పాడట. ఇంజనీరు అదే రాసుకున్నాడు. అలా రుస్తుం రోడ్డు, పరీ లేన్, తూఫాన్ గలీ వచ్చాయి. రుస్తుం రోడ్డులో ఒక డాక్టరుగారు చాలా ఏళ్ళు తన వీధి పేరు ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడిది అనుకున్నారు. గుర్రమని తెలిశాక ఒకరోజంతా చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు ఎక్కడినుంచో గుర్రం బొమ్మ తెచ్చి గుమ్మం మీద తగిలించుకున్నారు.

ఇంకొకటి ఉంది. గోల్ సడక్ మీద పొద్దున్నే నడిచేవాళ్ళందరూ ఒకే వైపు నడుస్తారు, గడియారం ముల్లు తిరిగే వైపు. కలకత్తాలో పందెం గుర్రాలు అటే పరుగెత్తుతాయట, అందుకని సేఠ్ గుర్రాలన్నిటినీ అటే తిప్పేవాడు. ఇళ్ళు లేస్తున్న రోజుల్లో ఇంకా కొన్ని ముసలి గుర్రాలు మిగిలి ఉండేవి. ఎదురు నడిస్తే తొక్కేస్తాయని మావ కొత్తవాళ్ళని అదిలించేవాడు. గుర్రాలు పోయాయి, నడక ఉండిపోయింది. మనవాళ్ళు దాన్ని ప్రదక్షిణ అనుకుంటారు. బీహారీలు వాస్తు అనుకుంటారు. ఎవరేమనుకున్నా దారి ఒకటే.

గుర్రపుశాల వరసలో చివరి ముక్క మా ఇల్లు. రెండు గదులు, పక్కన ఒక కొట్టం. నా భార్య సన్యాసమ్మ ఈ వరసలోనే పుట్టింది. నేను కాంట్రాక్టు కూలీగా వచ్చి ఇక్కడ అల్లుణ్ణయ్యాను. జిలేబీ సేఠ్ గుర్రాల సంతతి కాదు. సోన్‌పూర్ పశువుల మేళాలో మావ చూసి కొన్న పిల్ల. తెల్లది. మెడ మీద పాకంలో తీసినట్టు చుట్టలు చుట్టిన మచ్చ. మా అమ్మాయి వెన్నెల చిన్నప్పుడు ఆ మచ్చ చూసే పేరు పెట్టింది.

ఆ రోజు అన్నాల దగ్గర నేను సంగతి చెప్పాను. సన్యాసమ్మ చేతిలో గరిటె ఆగలేదు.

"మంచిదే. పీడ ఒదులుద్ది. ఇంటికాడ మనుసులకన్నా ముందు దానికి పెట్టాల. సలికాలం దానికి కంబళి, నాకు పాత సీర. ఇద్దరు పెల్లాలున్నోడికి నేనే సిన్నదాన్నయిపోనాను."

"పాపా, బేచ్ దో నా," అని అమ్మెయ్యమంది వెన్నెల. సాక్చిలో ఒక లాబ్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వెళ్ళేముందు రెండుసార్లు సబ్బు రాసుకుని, ఆ మీద సెంటు కొట్టుకుని వెళుతుంది. "మేరే బాలోం సే భీ ఘోడే కీ బూ ఆతీ హై." తన జుట్టు కూడా గుర్రం కంపు కొడుతోందట.

"మీ తాత ఒంటి మీద ఆ బూ లేకపోతే నువ్వు పుట్టీదానివి కాదే గుంటా," అన్నాడు మావ. "మీ అవ్వ నా కంపు సూసే నన్ను గుర్తు పట్టీది."

అందరూ నవ్వారు. నవ్వులోనే అందరికీ తెలుసు, జిలేబీని పెట్టడానికి వేరే చోటు లేదని. ఘోడాబగాన్ చుట్టూ ఇప్పుడు గోడకి గోడ తగిలేలా ఇళ్ళు. మానగోలో కొట్టం అద్దెకి తీసుకుంటే లగన్ సంపాదన అంతా దానికే పోతుంది. బయట పెట్టడమంటే అమ్మడమే.

కొనేవాడు ఒకడే దొరికాడు, చాండిల్ వైపునుంచి. మే నెల ఎండలో మోటారుసైకిల్ మీద వచ్చాడు. నీళ్ళు తాగి కొట్టంలోకి వచ్చాడు. జిలేబీ మొహం చూడలేదు, పళ్ళు చూడలేదు. నడుం మీద అరచెయ్యి ఆనించి, ఒళ్ళంతా బరువు వేసి నొక్కాడు. జిలేబీ చెవులు వెనక్కి పడ్డాయి.

వెన్నెలకి ఆ రోజు సెలవు. గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పెళ్ళిళ్ళకేనా?" అని హిందీలో అడిగింది.

"ఏం పెళ్ళిళ్ళు. వయసైపోయిందిగా. ఇటుకల బట్టీ. బండికి కడతాం. నడుం గట్టిగానే ఉంది." చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు. "జనరల్ బాడీ అయ్యాక ఫోన్ చేస్తా. వచ్చి తోలుకుపోతా."

అతను వెళ్ళాక, సాయంత్రం వెన్నెల కొట్టంలోకి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. చేతిలో దువ్వెన ఉంది. అది గుర్రం దువ్వెన కాదు, తన దువ్వెన. ఆ తర్వాత 'బేచ్ దో' అన్న మాట మా ఇంట్లో వినపడలేదు.

సన్యాసమ్మ మాత్రం తిడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను బయటనుంచి వచ్చేసరికి కొట్టంలోనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "తిండిపోతా, కూకుని తినీసి నా కొంప ముంచినావు. ఎల్లిపోతావేటే? ఎల్లిపో, ఎల్లిపో. ఎవులు ఏడుత్తారు?" తొంగి చూశాను. తిడుతూ జిలేబీ మెడకి కొబ్బరినూనె రాస్తోంది. నేను మళ్ళీ బయటికి వెళ్ళి, గేటు గట్టిగా చప్పుడయ్యేలా తీసి, దగ్గుతూ వచ్చాను.

జూన్ మొదట్లో సీతారామరావుగారు మళ్ళీ వచ్చారు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు. ముందుకి తెచ్చి ఒకదాన్నొకటి పట్టుకున్నారు. అది చూసే ఆయనకి మాతో పని పడిందనుకున్నాను.

"సూర్యం, మా అమ్మాయి అర్పిత పెళ్ళి కుదిరింది, నీకు తెలుసుగా."

"తెలుసండి. శుభం."

"పెళ్ళికొడుకు హరికిరణ్ బారిడీహ్ కుర్రాడే. అసిస్టెంట్ లోకో పైలట్. మనవాళ్ళే. మన పెళ్ళిళ్ళలో గుర్రం ఎక్కడ ఉందయ్యా? కారులో వస్తే చాలదూ? వినడు. లోకో షెడ్డులో వాళ్ళ దోస్తులందరూ పెళ్ళికి గుర్రం మీద వెళ్ళారట. తను కూడా గుర్రం మీదే వస్తాడట." ఆగారు. "మానగోలో అడిగాను. ఆ రోజుకి ఒక్కటీ ఖాళీ లేదు."

మంచంలోంచి మావ లేచి కూర్చున్నాడు. "మరి ఆ వేల వాసన రాదేటి బాబూ?"

"నానా, నువ్వూరుకో," అని సన్యాసమ్మ లోపలినుంచి టీ తెచ్చింది. ఆయనకి గ్లాసు ఇచ్చేటప్పుడు కొంగు సరిచేసుకుంది. నా పెళ్ళిచూపుల్లో కూడా అంత మర్యాదగా ఇవ్వలేదు.

సీతారామరావుగారు టీ తాగారు. "ఒక్క మాట సూర్యం. ఇది వేరు, జనరల్ బాడీ వేరు. ఇది నా ఇంటి పని. అది సొసైటీ పని. రెండూ కలపకు."

"కలపనండి."

ఆయన గేటు దాటారో లేదో సన్యాసమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు కలపకు. నాను కలుపుతాను. కాలనీ అంతా వత్తాది ఆ పెల్లికి. దీన్ని సూడాల. సూసినోడు ఎవుడూ రేపు సెయ్యెత్తకూడదు."

"అది గుర్రమే, సినిమా యాక్టరు కాదు," అన్నాను.

"నువ్వు సూత్తుండు."

చూశాను. వారం రోజులు మా ఇంట్లో పెళ్ళికూతురు జిలేబీయే. సన్యాసమ్మ కుంకుడుకాయలు నానబెట్టి తలంటింది. తన పెట్టెలోని చిలకపచ్చ పట్టుచీర అంచు కోసి నుదుటిపట్టీ కుట్టింది. వెన్నెల తోకకి జడ అల్లింది. నాలుగు డెక్కలకీ గోళ్ళ రంగు వేస్తానంటే నేను ఒప్పుకోలేదు. నేను లేనప్పుడు వేసేసింది. గులాబీ రంగు.

మావ మంచంలోంచి చూసి, "రుస్తుంకి కూడా ఇంత సోకు లేదు," అన్నాడు.

పెళ్ళి గోల్ సడక్ పక్కన మైదానంలో. షామియానా గేటు సరిగ్గా రోడ్డు మీదికి తెరుచుకుంది. ఇంకా వెలుగు ఉండగానే ముహూర్తం. కాలనీ క్లబ్బు దగ్గర పెళ్ళికొడుకుని గుర్రం ఎక్కించి, సడక్ మీద కొంత దూరం ఊరేగించి గేటు దగ్గర దింపాలి. అంతే పని. నేను మావని ప్లాస్టిక్ కుర్చీలో గేటు పక్కన కూర్చోబెట్టి క్లబ్బుకి వెళ్ళాను.

హరికిరణ్ నవ్వుమొహం కుర్రాడు. పట్టుబట్టలు, నుదుట బాసికం, దాని మీద బీహారీ తలపాగా. అటూ ఇటూ కాకుండా ఉన్నాడు గాని బాగున్నాడు. ఎక్కేముందు నన్ను పక్కకి పిలిచాడు.

"మావా, నిజం సెప్పు. దీనికి బ్రేక్ ఎక్కడ?"

"నా సేతిలో ఉంది బాబూ," అని తాడు చూపించాను.

బ్యాండు మొదలైంది. జిలేబీకి బ్యాండంటే భయం లేదు, టపాసులంటే భయం లేదు. బాకా ఊదితే దానంతటదే అడుగు మారుస్తుంది. కుర్రాళ్ళు ముందు ఎగురుతుంటే ఆగి, వాళ్ళు జరిగితే జరిగి, పెద్దమనిషిలా నడిచింది. బాల్కనీల్లోనుంచి జనం చూస్తున్నారు. కొత్త ఫ్లాట్ల ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. సన్యాసమ్మ అన్నట్టే జరుగుతోందనుకున్నాను.

గేటు దగ్గర సీతారామరావుగారి భార్య పద్మశ్రీ పళ్ళెంతో నిలబడి ఉంది. పెళ్ళికొడుకు దిగేముందు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు పెట్టడం ఇక్కడి ఆచారం, అది మగపెళ్ళివారి ఆడపడుచులు పెట్టాలి. ఆవిడకి ఎవరో పప్పు అని మాత్రం చెప్పారు. ఆవిడ శ్రీరామనవమికి చేసినట్టు వడపప్పు చేసి, కొబ్బరి కోరి, మామిడికాయ ముక్కలు కూడా కలిపి తెచ్చింది. జిలేబీ వాసన చూసింది. తలెత్తి ఒకసారి నావైపు చూసింది. మళ్ళీ పళ్ళెంలో మూతి పెట్టింది. ఇన్నేళ్ళ పెళ్ళిళ్ళలో దానికి అంత రుచైనది ఎవరూ పెట్టి ఉండరు.

అప్పుడే జనంలోంచి సన్యాసమ్మ వచ్చింది. రెండు చేతుల్లో బూడిద గుమ్మడికాయ. దాని నెత్తి మీద కర్పూరం వెలుగుతోంది.

మాకు తెలియనిదేమీ కాదు. కొత్త ఇంటికి, కొత్త బండికి, పెళ్ళికొడుక్కి దిష్టి తియ్యకుండా మావాళ్ళు ఉండలేరు. కానీ సన్యాసమ్మ పెళ్ళికొడుకు వైపు చూడలేదు. తిన్నగా జిలేబీ ముందు నిలబడింది. కాలనీ కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయి కదా. "వద్దే!" అన్నాను. బాకాలో నా మాట ఎవరికి వినపడుతుంది? గుర్రం మొహం చుట్టూ మూడుసార్లు తిప్పి, తన బలమంతా పెట్టి, గులాబీ డెక్కల ముందు కొట్టింది.

కాయ పగిలింది. లోపల పోసిన కుంకం నీళ్ళు కాళ్ళ మీద చిమ్మాయి. మండుతున్న కర్పూరం కడుపు కిందికి దొర్లింది.

తాడు నా అరచేతిలోంచి ఎలా జారిందో తెలియదు. జిలేబీ రెండు కాళ్ళ మీద లేచింది, దిగింది, వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకుతో సహా.

బ్యాండు ఒక్కసారిగా ఆగింది. పెద్ద డోలువాడు మాత్రం చూసుకోక ఇంకో దెబ్బ వేశాడు. కొందరు వెనక పరుగెత్తారు. నేనూ నాలుగు అంగలు వేసి ఆగాను. అది గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్ళింది. ఆ దారికి చివర లేదు. నిలబడితే అదే రావాలి.

"దేవుడా, పెళ్ళికొడుకు!" అని ఎవరో ఏడ్చారు.

నేను డెక్కల చప్పుడు వింటున్నాను. పరీ లేన్ మలుపు దగ్గర చప్పుడు మారింది. భయంతో పరుగెత్తే గుర్రం అడుగు చిందరవందరగా పడుతుంది. ఇప్పుడు అలా లేదు. వరసగా, ఒకటే లయలో పడుతోంది. నీళ్ళ టాంకు వెనకనుంచి తెల్లగా కనిపించింది. మెడ చాచింది. తోక జడ ఊడిపోయి గాలిలో ఉంది. పెళ్ళిళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచిన గుర్రం, ఆ దారి దేనికోసం వేశారో దానికోసం మొదటిసారి పరుగెత్తుతోంది.

కాలనీ మొత్తం బాల్కనీల్లో ఉంది. ముప్పై నలభై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నడిచిన ముసలివాళ్ళు ఉన్నారు అక్కడ. గుర్రాల తోట అని పిల్లలకి చెప్పినవాళ్ళు. ఆ రోడ్డు మీద గుర్రం పరుగు చూసినవాళ్ళు మావ తప్ప ఒక్కరూ లేరు. రుస్తుం రోడ్డు డాక్టరుగారు లుంగీతోనే మేడ మీదికి వచ్చి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పట్లు ఒక మేడనుంచి ఇంకో మేడకి గుర్రంతోపాటు వెళ్ళాయి.

మావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు. "తాడొగ్గీ బాబూ! తాడొగ్గీ! జూలు పట్టుకో! మోకాళ్ళు బిగించు!" అని అరుస్తున్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

హరికిరణ్ విన్నాడో, తనకే తోచిందో, ముందుకి వంగి జూలు పట్టుకున్నాడు. తూఫాన్ గలీ మలుపు తిరిగారు. తలపాగా లేదు. బాసికం ఒక చెవికి వేలాడుతోంది. గేటు దగ్గరికి వచ్చేసరికి జిలేబీ పరుగు తగ్గించింది, గునగునా వచ్చింది, నడిచింది. తిన్నగా పద్మశ్రీ ముందుకి వచ్చి ఆగింది. పళ్ళెం ఇంకా ఆవిడ చేతుల్లోనే ఉంది, పాపం, కింద పెట్టడం మరిచిపోయింది. జిలేబీ మిగిలిన వడపప్పు తినడం మొదలుపెట్టింది.

అందరూ పెళ్ళికొడుకు మొహం చూస్తున్నారు. అతను ఊపిరి పీల్చుకున్నాడు. కళ్ళు వెలిగిపోతున్నాయి.

"మావా," అన్నాడు నాతో. "ఇంకో రౌండు ఎయ్యొచ్చా?"

నవ్వులు లేచాయి. బ్యాండువాళ్ళకి ప్రాణం వచ్చింది. షామియానాలోంచి అర్పిత పూలజడతో పరుగెత్తుకొచ్చి, అతను క్షేమమని చూసుకుని, "దిగుతావా, నన్ను కూడా ఎక్కించుకుంటావా?" అంది. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు లోపలినుంచి కేకలు.

సీతారామరావుగారు నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పగిలిన గుమ్మడికాయ వంక చూస్తూ నిలబడ్డారు. తర్వాత గోల్ సడక్ వంక, ఈ చివరినుంచి కనిపించినంత దూరం చూశారు. "లోపలికి పదండి, టైమైంది," అన్నారు. నావైపు తిరగలేదు.

షామియానా వెనక సన్యాసమ్మ నేల మీద కూర్చుని ఉంది. చేతులనిండా గుమ్మడి గింజలు. "నానే సంపేసినాను దాన్ని," అంది. "దాన్ని ఉంచుదారని ఇదంతా సేసి, నా సేత్తోనే బట్టీకి తోలీసినాను. సూర్యం, నా సేత్తోనే." పెళ్ళయ్యాక నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వెన్నెల వచ్చి తల్లి చేతులు తన దుపట్టాతో తుడిచింది. "కుఛ్ నహీ హోగా అమ్మా," అని ధైర్యం చెప్పింది గాని ఆ మాటలో గట్టితనం లేదు.

తర్వాత రోజులు వింతగా గడిచాయి. పిల్లలు గేటు దగ్గర గుంపుగా చేరేవారు. డాక్టరుగారు క్యారెట్లు పంపారు. ఎవరో పరుగునంతా ఫోన్లో పట్టి పంపితే బారిడీహ్ నుంచి కాసిడీహ్ దాకా చూశారట. సన్యాసమ్మకి అదేమీ పట్టలేదు. "సూడ్డానికి అందరూ వత్తారు. సెయ్యెత్తినప్పుడు సూద్దువు," అనేది. జిలేబీని తిట్టడం మానేసింది. అది నాకు నచ్చలేదు.

మొదటి గట్టి వాన పడ్డాక వచ్చిన ఆదివారం జనరల్ బాడీ. మిగిలిన కాలనీలు మోకాళ్ళ నీళ్ళలో ఉన్నాయి. గోల్ సడక్ మీద మాత్రం చుక్క నిలవలేదు. డెక్కల కోసం వేసిన నేల, నీళ్ళని నిలవనివ్వదు. క్లబ్బు హాల్లో జనం నిండిపోయారు. సొసైటీ మెంబర్ని కాను, నాకు అక్కడ ఓటు లేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచినచోట నిలబడ్డాను.

సీతారామరావుగారు మురికికాలువల గురించి చెప్పారు. దీపాల గురించి చెప్పారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇప్పుడు గోల్ సడక్ మీద పార్కింగు. ఇక మీదట ఆ రోడ్డు మీద ఎవరూ కార్లు నిలపకూడదు. లోపలి గలీల్లోనే నిలపాలి."

ముందు వరసలో కొత్త ఫ్లాట్లాయన లేచాడు. "ఎందుకండీ? అంత వెడల్పు రోడ్డు."

"ఆ సాయంత్రం పెళ్ళి కాబట్టి కార్లన్నీ మైదానంలో పెట్టించాను. మామూలు రోజే అయితే? మలుపులో అడ్డంగా ఒక్క కారు ఉంటే మా అల్లుడు ఏమయ్యేవాడు?"

"అవును గాని, ఈ రోజు గుర్రం గురించి మాట్లాడతారన్నారు."

"అదేగా మాట్లాడుతున్నాను," అన్నారు సీతారామరావుగారు. "గుర్రం వెళ్ళే దారిలో కార్లు ఉండకూడదు. ఎవరికైనా అభ్యంతరమా? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కొత్త ఫ్లాట్లాయన భార్య అతని చొక్కా పట్టుకుని కిందికి లాగింది. అతను కూర్చున్నాడు.

"సరే. తర్వాత, పార్కు గేటుకి రంగు," అన్నారు సెక్రటరీగారు.

మీటింగు అయ్యాక ఆయన తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నాతోపాటు నడిచారు. గోల్ సడక్ మీద, అందరూ నడిచే వైపే. వాన తెరిపిచ్చింది. మా గేటు దగ్గర ఆయన ఆగుతారనుకున్నాను. ఆగలేదు. నాకంటే ముందే లోపలికి వచ్చారు.

సన్యాసమ్మ గుమ్మంలో ఉంది. వాచిన కళ్ళతో ముందు ఆయన్ని, తర్వాత నన్ను చూసింది.

"అన్నం పెట్టు," అన్నాను. "అందరికీ."

నా మొహంలో ఏం చూసిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళింది. అప్పుడే గూట్లో నా ఫోన్ మోగింది. చాండిల్ ఆయన. నేను అందుకునేలోపు వెన్నెల తీసింది. "నహీ భాయీసాబ్, బేచ్‌నా నహీ హై," అంది. ఫోన్ తిరిగి గూట్లో పెట్టేసి, తాత చెయ్యి పట్టుకుని లేపి తీసుకొచ్చింది.

కొట్టం పక్క గదిలో చాపలు వేశాం. సీతారామరావుగారు చొక్కా చేతులు మడుచుకుని మావ పక్కన కూర్చున్నారు. సన్యాసమ్మ వేడన్నం పెట్టింది, చింతచిగురు పప్పు వేసింది, ఊరమిరపకాయలు వేయించి తెచ్చింది. ఎప్పుడూ మా అందరి తర్వాత తినే మనిషి, ఆ రోజు తనకీ కంచం పెట్టుకుని కూర్చుంది. చూరునుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. సెక్రటరీగారు మారు అన్నానికి కంచం ముందుకి జరిపారు. గోడకవతల జిలేబీ గడ్డి నములుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది, మేము తింటున్నంతసేపూ.